కింది సగం కాగితం

జరిమానా కవరు వస్తే ఎవరైనా తిట్టుకుంటారు. కళ్ళజోళ్ళాయన మాత్రం ఆ సోమవారం ఉదయం పోస్టుమాన్ చేతిలో గోధుమరంగు కవరు చూడగానే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని "ఒక్క నిమిషమండీ" అని ఆపి, గుమ్మం దాకా లేచి వెళ్ళి మరీ అందుకున్నాడు. కవరు మీద కూతురి పేరు ఉంది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా అచ్చువేసి ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, చొక్కా జేబులో పెట్టుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఏమిటండీ, శుభవార్తా?" అన్నాడు పెద్దమనిషి.

"మా అమ్మాయికొచ్చింది" అన్నాడాయన.

పెద్దమనిషి ఆ వీధికి కొత్త కాబట్టి "ఓహో" అని ఊరుకున్నాడు. పాతవాళ్ళెవరైనా అయితే ఆ మాటకి ఏమనాలో తెలియక తల దించుకునేవాళ్ళు. అమ్మాయి పోయి ఎనిమిది నెలలైంది.

షాపంటే పెద్ద షాపేం కాదు, ఇంటి ముందుగదే. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి అక్షరాల అట్ట, అద్దాల అలమారు. వెనక తెర, తెర వెనక వంటిల్లు. పెద్దమనిషి కళ్ళజోడు కాడ ఒకటి బయటికి వాలిపోయింది. ఆయన దాన్ని వేడి ఇసుక డబ్బాలో గుచ్చి, మనసులో పదిహేను లెక్కపెట్టి, తీసి, రెండు బొటనవేళ్ళతో మెల్లిగా లోపలికి వంచాడు. చల్లారేదాకా అలాగే పట్టుకున్నాడు. తొందరపడి వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. చెవుల వెనక చెయ్యి పెట్టి చూసి, "ఇప్పుడు జారదు" అన్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి. ఇంట్లో వ్యవహారం మాత్రం దీపం కింద చీకటే.

పెద్దమనిషి వెళ్ళాక కవరు చించాడు. ఎప్పటిలాగే లోపల ఒక ఫొటో. నీలం కారు, వెనక నుంచి తీసింది. కింద తేదీ, టైము, ఎంత వేగంలో పోవాలో, ఎంత వేగంలో పోయిందో. వాచీవాళ్ళు పెట్టుకునేలాంటి చిన్న భూతద్దం ఒకటి ఆయన దగ్గర ఉంది, చిన్న మరల కోసం. దాన్ని కంటికి ఆనించుకుని ఫొటో మీదికి వంగాడు. కారు వెనక అద్దంలోంచి నల్లగా ఒక తల కనిపిస్తోంది. ఎవరి తలో ఆయనకి తెలుసు. కారు కొనుక్కున్న నర్సమ్మది. అయినా భూతద్దంలో ఎంత పెద్దది చేసి చూసినా అది వట్టి తల మాత్రమే. ఎవరిదైనా కావచ్చు. ఆయన అలా చాలాసేపే చూశాడు.

ఇది ఆరో కవరు.

జరిమానా బ్యాంకులో కట్టొచ్చు, పోస్టాఫీసులో కట్టొచ్చు, ఇంట్లో కూర్చుని ఫోన్లో కూడా కట్టొచ్చట. ఆయన మాత్రం మధ్యాహ్నం షాపు మూసి, రెండు బస్సులు మారి రవాణా ఆఫీసుకే వెళ్తాడు. ఎందుకూ అంటే అక్కడ రెండో కౌంటరులో ఒక గుమస్తా ఉంది. నలభై దాటిన మనిషి, జుట్టు బిగించి ముడేసి, చెవి మీద పెన్ను పెట్టుకుంటుంది. నోరు పెద్దది, మనసు మంచిది.

"మళ్ళీ వచ్చారా బాబుగారూ!" అంది ఆవిడ, ఆయన్ని చూడగానే. "ఏది, చూపించండి. అబ్బో! ఈసారి ఇంకా పెంచింది. మీ అమ్మాయికి ఇల్లేమైనా అంటుకుందా ఏమిటండీ, అంత పరుగు?"

"పని మీద తిరుగుతుందమ్మా" అన్నాడాయన.

"పని అందరికీ ఉంటుంది. తను తప్పు చేసి నాన్నని క్యూలో నిలబెడుతుందా? రేపు తననే రమ్మనండి. నేను గట్టిగా నాలుగు పెడతాను."

"చెప్తానమ్మా. వింటేగా!"

"ఈ కాలం పిల్లలు ఎవరు విన్నారు లెండి" అని ఆవిడ రసీదు మీద ముద్ర గుద్దింది. "ఏమైనా సరే, నెమ్మదిగా నడపమనండి. ప్రాణం కంటే పని ఎక్కువా?"

ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగుతూ నవ్వుకున్నాడు. లోకం మొత్తంలో ఆయన కూతురు ఇంకా బతికున్న చోటు ఆ కౌంటరు ఒక్కటే. అక్కడ ఆమె మీద కోప్పడేవాళ్ళున్నారు. ఆమె మాట వినదు, ఆమెకి తొందర. ఆమె రేపు రావచ్చు కూడా.

*

అసలు ఆ కవర్లు ఆ ఇంటికి రాకూడదు. కారు అమ్మింది అమ్మాయే, ఆసుపత్రి మంచం మీద కూర్చుని. నీళ్ళు పరీక్షచేసే లాబులో ఉద్యోగం తనకి. సీసాలు నింపుకుని రావడానికి కొనుక్కున్న కారు. ఇక నడపలేనని తెలిశాక, తనకి సూదులు వేస్తున్న నర్సమ్మ ఇళ్ళకి తిరిగే పనికి బండి వెతుకుతోందని విని, తనే పిలిచి ఇచ్చేసింది. ఆ తర్వాత తండ్రిని కూర్చోబెట్టి, కారు అమ్మాక చెయ్యాల్సిన పనులు ఒకటొకటిగా రాయించింది. డిక్కీలో సామాను తియ్యాలి. రెండో తాళంచెవి ఇచ్చెయ్యాలి. ఇన్సూరెన్సు ఆపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మకపు కాగితం. దాని పై సగం కొన్నవాళ్ళు ఆఫీసులో ఇస్తారు, కింది సగం అమ్మినవాళ్ళు ఇవ్వాలి. రెండూ చేరితేనే పేరు మారుతుంది. పద్నాలుగు రోజులు గడువు.

"మర్చిపోకు నాన్నా. మర్చిపోతే బండి చచ్చేదాకా నా పేరు మీదే ఉంటుంది" అంది. అని నవ్వింది.

ఆయన డిక్కీ ఖాళీ చేశాడు. తాళంచెవి ఇచ్చాడు. ఇన్సూరెన్సు ఆపించాడు. కాగితం మాత్రం చిన్న మరల డబ్బాలున్న సొరుగులో, అన్నిటి అడుగున పెట్టాడు. దాని మీద అమ్మాయి సంతకం ఉంది. చెయ్యి వణికి, చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది. ఆ తర్వాత తను ఎక్కడా సంతకం చెయ్యలేదు. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఒక ఆఫీసు కిటికీలో ఎవరికో ఇచ్చి రావడానికి ఆయనకి చేతులు రాలేదు. రేపు, రేపు అంటుండగానే మొదటి కవరు వచ్చింది. అమ్మాయి పేరుతో! ఆ తర్వాత ఇక ఇవ్వాలని కూడా అనిపించలేదు.

*

మంగళవారం సాయంత్రం నర్సమ్మ షాపుకొచ్చింది. నడిచి వచ్చింది. చెప్పులకి దుమ్ము, భుజాన మందుల సంచి. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రా అమ్మా, కూర్చో. కారేదీ?"

"లాక్కున్నారు బాబాయ్‌గారూ."

ఆయన చేతిలో ఒక ఆడమనిషి కళ్ళజోడుంది. ముక్కు దగ్గర ఆనే మెత్తలు మారుస్తున్నాడు. నువ్వుగింజంత మర. దాన్ని చిమటాతో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"నిన్న పొద్దున్న తనిఖీ దగ్గర ఆపారు. కాగితాలడిగారు. కాగితాల్లో మీ అమ్మాయిగారి పేరు, నా లైసెన్సు మీద నా పేరు. ఎవరిదీ బండి అన్నారు. కొనుక్కున్నానన్నాను. కొనుక్కుంటే నీ పేరెందుకు లేదన్నారు. స్టేషన్లో సాయంత్రం దాకా నిలబెట్టారు బాబాయ్‌గారూ. కూర్చోమని కూడా అనలేదు. ఒకాయన అడిగాడు, 'ఎక్కడ కొట్టేశావు?' అని." ఆమె సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నేను నర్సునండీ, సంచిలో సూదులున్నాయి, టైముకి వెయ్యాలి అంటే, దొంగలందరూ ఏదో ఒక పని చేసేవాళ్ళే అన్నాడు."

ఆయన చేతిలోని కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు.

"పక్షవాతం తాతగారు ఒకరున్నారు. వీపు మీద పుండు. రోజూ పొద్దున్నే కట్టు మార్చాలి. నేను చేరేసరికి చీకటి పడింది. కట్టు అంటుకుపోయింది. తీస్తుంటే పాపం పెద్దాయన..." ఆమె ఆగింది. "వాళ్ళు ఇంకెవరినో చూసుకున్నారు ఇవాళ్టి నుంచి. తప్పు వాళ్ళది కాదు లెండి."

"అయ్యో" అన్నాడాయన. 

"ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. నాలుగుసార్లు. వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట, అమ్మినావిడ కాగితం రాలేదు అంటారు. మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదు బాబాయ్‌గారూ. అంత దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి కాగితం ఏదని ఎలా అడగను? ఇవాళ ఇక గతిలేక వచ్చాను. ఏమనుకోకండి. ఆ కాగితం... ఇచ్చారాండీ?"

సొరుగు ఆయన మోకాలికి తగులుతోంది. చెయ్యి చాపితే చాలు. ఆ ఒక్క క్షణంలో ఆయనకి రెండో కౌంటరు, చెవి మీద పెన్ను కళ్ళ ముందు మెదిలాయి.

"ఇచ్చానమ్మా. ఎప్పుడో ఇచ్చాను. వాళ్ళే ఎక్కడో పారేసుంటారు."

చిమటాలోంచి మర జారి నేల మీద ఎక్కడో పడింది.

నర్సమ్మ మొహం ఒక్కసారిగా తేలికపడింది. ఆయన చూడలేకపోయాడు. "నాకు తెలుసు! మీరు అలాంటివాళ్ళు కాదని మా ఆయనతో చెప్తూనే ఉన్నాను. రేపు పొద్దున్నే వెళ్తాను. మీరిచ్చాక కూడా పోగొడతారా? ఆ కౌంటరావిడ సంగతి నేను తేలుస్తాను" అంది. వెళ్తూ వెళ్తూ నేల మీద వంగి, బల్లకాలు పక్కన మెరుస్తున్న మరని ఏరి ఆయన చేతిలో పెట్టింది. "కళ్ళు చిన్నవైనా చూపు బాగుంటుంది నాకు" అని నవ్వి వెళ్ళిపోయింది.

తెర కదిలింది. ఆయన భార్య వచ్చి ఎదురుకుర్చీలో కూర్చుంది. ఆమె చేతిలో అద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ ముక్కలున్నాయి. ప్రతి కళ్ళజోడుతోనూ ఒకటి ఇస్తారు. అంచులు కుట్టేది ఆమే.

"ఎప్పుడిచ్చారు?" అంది.

"ఏంటి?"

"కాగితం."

ఆయన మరని వెలుతురుకి పెట్టి చూశాడు, అదేదో కొత్తరకం మర అయినట్టు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నాకేం తెలియదనుకున్నారా?" ఆమె గొంతు పెంచలేదు. "సొరుగు తుడిచేది ఎవరు? ఆ కవర్లన్నీ నేను చదవలేదనుకున్నారా? ఏదో, మనసు కుదుటపడేదాకా ఉండనీలే అని ఊరుకున్నాను. తప్పు నాది. నిన్న ఆ పిల్లని దొంగన్నారట. విన్నారా, దొంగ!"

"విన్నానే."

"బుల్లెమ్మ కారు ఎలా నడిపేదో చెప్పండి."

 ఇంట్లో అమ్మాయిని బుల్లెమ్మ అనేవాళ్ళు. ఎనిమిది నెలల తర్వాత ఆ పేరు ఆ గదిలో ఇప్పుడే వినిపించింది.

"సైకిళ్ళు దాటిపోయేవి దాన్ని. సీసాలు తొణుకుతాయని. వెనకవాళ్ళు హారన్ కొడితే చెయ్యి ఊపేది, పొండి పొండి అని. జన్మలో ఒక్క జరిమానా కట్టని పిల్ల. దాని పేరు మీద ఆరు తప్పులు రాయించారు మీరు. కన్నతండ్రి!" కుడుతున్న గుడ్డలో సూది వదిలేసి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "అక్కడికెళ్ళి వాళ్ళు తిడుతుంటే విని సంతోషపడి వస్తారు. ఎవరిని తిడుతున్నారండీ? మన అమ్మాయి అలాంటిదా?"

అది ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఆ కౌంటరులో బతికున్న అమ్మాయి తమ అమ్మాయి కాదు. నోటికొచ్చిన అబద్ధాలతో ఆయన తయారుచేసిన ఇంకెవరో తొందరమనిషి.

భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ మరని బిగించాలని మూడుసార్లు ప్రయత్నించాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ సాయంత్రం చెయ్యి వినలేదు.

*

బుధవారం ఆయన సొరుగు అడుగునున్న కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసు చేరేసరికే రెండో కౌంటరు దగ్గర గొడవ జరుగుతోంది. నర్సమ్మ కిటికీ పట్టుకుని నిలబడింది. లోపల గుమస్తా పక్కన పొడుగాటి అధికారి ఒకాయన చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఆయన ఇచ్చానన్నారండీ. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. మీరే పోగొట్టారు" అంటోంది నర్సమ్మ.

"పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టలేదమ్మా నేను!" అంది గుమస్తా. పెన్ను చెవి మీద లేదు, చేతిలో ఉంది. 

"అయితే ఏమైనట్టు, రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అన్నాడు అధికారి. "సంజాయిషీ రాసివ్వండి. పోయిన నెలలో ఇంకొకరు కూడా ఇదే చెప్పారు మీ గురించి."

"సార్, అది వేరే..."

"రాసివ్వండి."

క్యూలో పదిమంది చూస్తున్నారు. గుమస్తా మొహం ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక అబద్ధం ఒక్క రాత్రిలో ఎంత దూరం నడిచిందో ఆయనకి అప్పుడు కనిపించింది. జేబులోంచి కాగితం తీసి ముందుకెళ్ళాడు.

"ఆవిడ పోగొట్టలేదండీ. ఇదిగో. నా దగ్గరే ఉంది. నేను ఇవ్వలేదు."

నర్సమ్మ వెనక్కి తిరిగి చూసింది. కోపంగా చూస్తే ఆయన భరించగలిగేవాడే. ఆమె అర్థం కానట్టు చూసింది. ఆమె మొహంలో అది అర్థమవుతూ రావడం ఆయన నిలబడి చూడాల్సొచ్చింది.

"నన్ను దొంగన్నారు బాబాయ్‌గారూ" అంది మెల్లిగా.

"తెలుసమ్మా. దొంగని నేను."

అధికారి కాగితం తీసుకుని, తేదీ చూసి, "తొమ్మిది నెలలా!" అని గొణిగి, గుమస్తా ముందు పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. సంజాయిషీ సంగతి మళ్ళీ ఎత్తలేదు, క్షమించమనీ అనలేదు.

గుమస్తా కొంగుతో కళ్ళు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. అప్పుడు గానీ ఆయన్ని సరిగా చూడలేదు.

"మీరా బాబుగారూ! ఈ నీలం కారు మీ అమ్మాయిదేనా? తొమ్మిది నెలల కింద అమ్మేస్తే మరి ఆ జరిమానాలన్నీ మీరెందుకు కట్టారు? అయ్యో రామా, ఎంత పిచ్చి పని! ఈ నర్సమ్మ కట్టాల్సినవి కదండీ." నర్సమ్మ తల దించుకుంది. "గడువు దాటింది. గడువు దాటితే అమ్మినవాళ్ళే స్వయంగా రావాలి. పిలవండి మీ అమ్మాయిని."

ఆయన కాగితం మీది సంతకం వైపు చూశాడు.

"రాలేకపోతే ఫోన్ చేసివ్వండి, నేనే మాట్లాడతాను. మీతో ఎన్నిసార్లు చెప్పి పంపాను! ఇవాళ దొరికింది, తిట్టాల్సినవన్నీ తిడతాను."

ఆయన నోరు తెరిచాడు. మాట వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. చేతులు కిటికీ అంచుని పట్టుకున్నాయి. వెనక ఎవరో దగ్గారు.

"ఆవిడ లేరండీ" అంది నర్సమ్మ. "సంతకం చేసిన మూడు వారాలకి పోయారు. నా చేతుల్లోనే పోయారు."

గుమస్తా నర్సమ్మని చూసింది, ఆయన్ని చూసింది, కాగితం మీద కిందికి జారిన ఆ చివరి అక్షరాన్ని చూసింది. ఇన్ని నెలలుగా ఆయనతో తను ఆడిన మాటలన్నీ ఆవిడకి గుర్తొస్తున్నాయని మొహం చూస్తేనే తెలుస్తోంది. "నేను..." అంది. "నాకు తెలియదండీ. ఒట్టు, నాకు తెలియదు. ఏవేవో అనేశాను."

"అనిపించుకోవడానికే వచ్చేవాణ్ణమ్మా. మీ తప్పేం లేదు" అన్నాడాయన.

ఆవిడ లోపలికి వెళ్ళి అధికారితో మాట్లాడి వచ్చింది. అమ్మిన తేదీకి మనిషి ఉంది కాబట్టి సంతకం చెల్లుతుందట. ఒక ఫారం ఇచ్చింది. ఆలస్యానికి కారణం అని ఒక గడి. ఆయన పెన్ను తీసుకుని చాలాసేపు ఆలోచించలేదు. "అమ్మాయి సమయానికే సంతకం చేసి ఇచ్చింది. ఆలస్యం తండ్రిది" అని రాశాడు.

గుమస్తా అది చదివి, ముద్ర వేసి, కంప్యూటరులో ఏవో మార్చింది. పాత జరిమానాలు కూడా కొన్నావిడ పేరు మీదికి వెళ్తాయంది. నర్సమ్మ "నావే, ఆయన కట్టిందంతా తిరిగిచ్చేస్తాను" అంది. ఆమెకి బండి విడిపించుకునే చీటీ ఇచ్చారు. ఆ తర్వాత గుమస్తా తెరని చూస్తూ, రోజూ వందమందికి చెప్పే మాటే ఆయనకీ చెప్పింది.

"అయిపోయిందండీ. ఇక మీ అమ్మాయిగారి పేరు మీద ఏమీ లేదు."

చెప్పాక గానీ ఆ మాట ఆవిడకే వినిపించలేదు. పెదవి కరుచుకుంది. ఆయన నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

మెట్ల మీద నర్సమ్మ ఆయన్ని దాటుకుని రెండు మెట్లు దిగి ఆగింది. తిరిగి చూడకుండానే, "ఎండగా ఉంది, నీడన నడవండి" అని వెళ్ళిపోయింది. బాబాయ్‌గారూ అనలేదు.

*

ఆయన బస్సెక్కలేదు. నడిచే వచ్చాడు.

షాపులో భార్య ఒక్కతే ఉంది. ఒళ్ళో గుడ్డముక్కలు, చేతిలో సూది. ఆయన లోపలికొచ్చి, చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇచ్చారా?"

"ఇచ్చాను."

"ఆ పిల్లకి కారు ఇచ్చేస్తారా?"

"ఇస్తారు. చీటీ రాశారు." కాసేపాగి, "కోపంగా ఉంది" అన్నాడు.

"ఉండదూ మరి!"

ఆమె దారం కొరికి, కుట్టిన గుడ్డని మడిచి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. వీధిలో ఎవరో కూరగాయల బేరం ఆడుతున్నారు. ఆయన ఆ బేరం తెగేదాకా విన్నాడు.

"ఇక ఉత్తరాలు రావు" అన్నాడు.

"రావు."

"పొద్దున ఆ నర్సమ్మే చెప్పింది వాళ్ళకి. నాకు నోరు రాలేదు." ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. అద్దాలు లేకపోతే ఆయనకి నాలుగడుగుల అవతల ఏమీ కనపడదు. భార్య ఉన్నవైపు చూస్తూ చెప్పాడు. "ఏమే, మన బుల్లెమ్మ పోయిందే."

సూది ఆగింది.  ఆమె ఏడుస్తోందని ఆయనకి చప్పుడు వల్ల తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కూడా ఆమె ఏడవగా ఆయన వినలేదు. ఆ రోజు ఆయన డిక్కీలోంచి తీసిన సామాను సర్దుతున్నాడు.

"ఎనిమిది నెలల్నుంచీ ఒక్కదాన్నే ఏడుస్తున్నానండీ ఈ ఇంట్లో" అంది. "మీరెప్పుడొస్తారా అని చూస్తున్నాను."

ఆమె గుడ్డముక్కలన్నీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.